మొప్పకు పట్టిన పురుగు - చూడకుండా పోసే మందుతో రైతుకు రెండు విధాల నష్టం

కైకలూరు: కొల్లేటి చుట్టుపక్కల మంచినీటి చేపల చెరువులున్న రైతులకు చలికాలం వచ్చిందంటే కంటిమీద కునుకు ఉండదు. తెల్లవారుజామున చేపలు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరుస్తాయి. కొత్త నీరు వచ్చే తూము దగ్గర గుంపు కడతాయి. గెడలకు కట్టిన సంచులలో తవుడు తినకుండా మిగిలిపోతుంది. రైతు మందుల దుకాణానికి పరుగెత్తుతాడు. అక్కడ ఇచ్చిన సీసా తెచ్చి చెరువులో పోయిస్తాడు. నాలుగు రోజులు తెరిపి ఇచ్చినట్టే ఉంటుంది. పదిహేను రోజులు తిరక్కుండా మళ్ళీ అదే బాధ, మళ్ళీ మరో సీసా.

లోపం ఎక్కడుందని విచారిస్తే తేలేది ఒక్కటే. చేపను పట్టి, మొప్ప మూత ఎత్తి, అక్కడున్నదేమిటో మైక్రోస్కోపు కింద చూడకుండానే వైద్యం జరిగిపోతున్నది. మొప్పకు పట్టే జీవి ఒకటి కాదు. ఒకదానికి పనిచేసే మందు మరొకదానిని తాకను కూడా తాకదు. ఒకదానికైతే చెరువులో పోసి నయం చేసే మందే లేదు. అయినా అన్నింటికీ ఒకే రకమైన సీసా ఖాళీ అవుతూనే ఉన్నది.

మొప్పే ప్రాణాధారం

చేపకు మొప్ప అంటే కేవలం ఊపిరి తీసే అవయవం మాత్రమే కాదు. నీటిలోని ప్రాణవాయువును రక్తంలోకి తీసుకునేది మొప్పే. ఒంటిలో పుట్టిన అమ్మోనియాను బయటకు నెట్టేదీ అదే. ఒంటిలోని లవణాలు నీటిలోకి పోకుండా కాపాడేదీ అదే. ఈ పనులన్నీ జరగటానికి దువ్వెన పళ్ళలాంటి ఈనెలు, వాటి మీద పలచని పొరలు ఉంటాయి. నీటికీ రక్తానికీ మధ్య ఉండే అడ్డు బహు సన్నని పొర. పరాన్నజీవికి కావలసింది ఇదే. రక్తం దగ్గరలో ఉన్నది, నీరు ఎప్పుడూ పారుతున్నది, పైన మూత రక్షణగా ఉన్నది. ఇంతకన్నా సుఖమైన ఇల్లు దానికి దొరకదు.

పురుగు కొండీలు గుచ్చుకున్న చోట మొప్ప వాస్తుంది. చేప రక్షణ కోసం జిగురును అధికంగా విడుస్తుంది. ఆ జిగురే ఈనెలను అంటుకుపోయేటట్లు చేసి ఊపిరికి అడ్డం పడుతుంది. ఎర్రగా ఉండవలసిన మొప్ప పాలిపోతుంది. అటువంటి చేప ఎండ బాగా కాసిన రోజున ఏదో విధంగా నెట్టుకొస్తుంది. మబ్బు పట్టిన మరునాటి తెల్లవారుజామున నీటిలో ప్రాణవాయువు అడుగంటినప్పుడు ముందుగా తేలేది అదే. రైతు గాలి లోపం వల్ల చచ్చిందనుకుంటాడు. గాలి లోపం నిజమే. అయితే పక్కచేప బతికి ఈ చేప ఎందుకు చచ్చిందో మొప్ప మూత ఎత్తితేగాని తెలియదు.

చచ్చిన చేప లెక్కకు వస్తుంది. చావని చేప చేసే నష్టం లెక్కకు రాదు. మొప్ప దెబ్బతిన్న చేప మేత సరిగా తినదు, తిన్నది ఒంటికి పట్టదు. ఏడాది చివర పట్టుబడి పట్టినప్పుడు బరువు తూగదు. కౌలు ముందే కట్టి, మేతకు అప్పు తెచ్చిన రైతుకు అసలు దెబ్బ అక్కడ తగులుతున్నది.

నలుగురు దొంగలు, నాలుగు దారులు

ఈ ప్రాంతపు చెరువులలో ప్రధానంగా పెరిగేవి శీలావతి అని పిలిచే రోహు, బొచ్చె అని పిలిచే కట్ల. వీటిని బాధించే జీవులలో నాలుగు రకాలను రైతు విడివిడిగా గుర్తించవలసి ఉన్నది.

మొదటిది మొప్ప పురుగు. శాస్త్రజ్ఞులు డాక్టిలోగైరస్ అంటారు. కంటికి దాదాపు ఆనదు. తల దగ్గర నాలుగు కంటిచుక్కలు, వెనుక భాగంలో ఒక జత పెద్ద కొండీలు, వాటి చుట్టూ 14 చిన్న కొండీలు ఉంటాయి. ఆడ, మగ వేరుగా ఉండవు. ప్రతి పురుగూ గుడ్లు పెడుతుంది. మధ్యలో మరో జీవి అవసరం లేకుండా గుడ్డు నుంచి వచ్చిన పిల్ల నేరుగా చేపను వెతుక్కుంటుంది. వెచ్చని నీటిలో ఇదంతా కొద్ది రోజులలోనే జరిగిపోతుంది. ముఖ్య విషయం ఏమంటే, మందు పురుగును చంపినా గుడ్డును చంపదు. మొదటి మోతాదుతో చెరువు శుభ్రపడిందని ఊరుకుంటే, మిగిలిన గుడ్లు పొదిగి కథ మళ్ళీ మొదటికి వస్తుంది. పదిహేను రోజులకు మళ్ళీ అదే బాధ అని రైతులు చెప్పే మాటకు ఇది ఒక కారణం.

రెండవది ట్రైకోడైనా. ఇది ఏకకణ జీవి. మైక్రోస్కోపులో చూస్తే పళ్ళ చక్రం తిరుగుతున్నట్టు గుండ్రంగా కనిపిస్తుంది. పెంట, కుళ్ళిన మేత, అడుగున పేరుకున్న బురద ఎక్కువైన చెరువులో ఇది విజృంభిస్తుంది. ఇది కనిపించిందంటే ముందు అనుమానించవలసింది నీటినే.

మూడవది పేను, అంటే ఆర్గులస్. ఇది కంటికి కనిపించేంత పెద్దది. ఒంటి మీద, రెక్కల మొదళ్ళలో, మొప్ప మూత లోపల కూడా అతుక్కుంటుంది. సూది వంటి ముల్లు గుచ్చి రక్తం పీలుస్తుంది. దురద భరించలేక చేపలు గెడలకు ఒళ్ళు రాసుకుంటాయి, నీటిపైకి ఎగురుతాయి. ఆడ పేను చేపను వదిలి వెళ్ళి రాళ్ళు, కర్రలు వంటి గట్టి వస్తువుల మీద వరసలుగా గుడ్లు పెడుతుంది. ఈ ప్రాంతంలో తవుడు సంచులు కట్టటానికి చెరువంతా వెదురు గెడలు నాటటం ఆనవాయితీ. మేత పెట్టే గెడలే పేనుకు పురుటి గదులవుతున్నాయి.

నాలుగవది అన్నింటికన్నా మోసకారి. మొప్పల మీద నూక గింజల వంటి తెల్లని పొక్కులు వస్తాయి. వాటి నిండా మిక్సోబోలస్, థెలొహానెల్లస్ వంటి జీవుల బీజాలు ఉంటాయి. బొచ్చె చేప మొప్పలకు ఈ బాధ ఉన్నట్టు మన దేశపు పరిశోధకులు ఏనాడో గుర్తించారు. ఈ జాతి జీవులు చేప నుంచి చేపకు ఎలా పోతున్నాయో చాలాకాలం అంతుపట్టలేదు. 1984లో అమెరికా పరిశోధకులు వుల్ఫ్, మార్కివ్ ట్రౌట్ చేపకు వచ్చే ఇటువంటి జబ్బును పరిశీలించి, ఆ జీవి తన బతుకులో సగం బురదలోని సన్నని ఎర్రలలో గడుపుతుందని నిరూపించారు. తరువాత ఈ జాతిలో మరెన్నింటికో ఇదే దారి అని తేలింది. పొక్కులోని బీజానికి గట్టి పెంకు ఉంటుంది. పైన నీటిలో ఎన్ని సీసాలు పోసినా దానికి చీమ కుట్టినట్టయినా ఉండదు. దీని విరుగుడు సీసాలో లేదు, చెరువు అడుగున ఉన్నది. పట్టుబడి అయ్యాక బురద తీసి, అడుగు నెర్రెలు విచ్చేదాకా ఎండగట్టి, సున్నం చల్లటమే దీనికి దారి.

ఈ నాలుగింటిలో ఏది పట్టినా గట్టు మీద నుంచి చూసే రైతుకు కనిపించేది ఒక్కటే: చేప నోరు తెరుస్తున్నది, మేత తినటం లేదు. అందుకే గట్టు మీద నిలబడి చేసే వైద్యం నమ్మదగినది కాదు.

లెక్క చూస్తే గుండె ఆగుతుంది

చెరువులో మందు పోయటం అంటే ఎంత నీటికి మందు పోస్తున్నామో చాలామంది లెక్క వేయరు. అయిదు అడుగుల లోతున్న ఒక ఎకరం చెరువులో దాదాపు 62 లక్షల లీటర్ల నీరు ఉంటుంది. ఇరవై ఎకరాల చెరువులో 12 కోట్ల లీటర్లకు పైమాటే. మొప్ప పురుగుకు పుస్తకాలలో చెప్పే ఫార్మాలిన్ మోతాదు లక్ష లీటర్లకు రెండున్నర లీటర్లు. ఆ లెక్కన ఎకరానికి 150 లీటర్లు దాటుతుంది. ఇరవై ఎకరాలకు మూడు వేల లీటర్లు కావాలి. అంత పోసే స్తోమత ఎవరికీ ఉండదు. పోసినా ఫార్మాలిన్ నీటిలోని ప్రాణవాయువును తగ్గిస్తుంది కనుక, ఊపిరాడని చేపను మరింత ఊపిరాడకుండా చేసినట్టవుతుంది. చిన్న తొట్టెకు రాసిన వైద్యం పెద్ద చెరువుకు పనికిరాదని ఈ లెక్కే చెబుతున్నది. ఇక స్తోమత లేక అందులో నాలుగో వంతు పోసి ఊరుకుంటే పురుగు చావదు, డబ్బు మాత్రం పోతుంది.

లోతు లెక్కలో తేడా వచ్చినా ముప్పే. నాలుగు అడుగుల నీటిని అయిదు అడుగులని అంచనా వేస్తే మందు నాలుగో వంతు ఎక్కువ పడుతుంది. పేను కోసం వాడే డెల్టామెత్రిన్, సైపర్‌మెత్రిన్ వంటి మందులు నిజానికి పొలాల్లో పురుగుకు కొట్టే జాతి మందులే. ఇవి కొంచెం మోతాదు మించినా చేపకే విషమవుతాయి. పేను రొయ్య జాతికి దగ్గరి చుట్టం. పేనును చంపే మందు రొయ్యనూ చంపుతుంది, నీటిలో తేలే సన్నని జంతు ప్లవకాలనూ చంపుతుంది. బొచ్చె చేపకు సహజమైన మేత ఆ ప్లవకాలే. పేను పోయింది, బొచ్చె మేతా పోయింది. రైతుకు నష్టం రెండు విధాలనటం ఇందుకే: మందు ఖర్చు ఒకటి, ఆ మందు వల్ల తగ్గే పెరుగుదల రెండవది.

ఒకరి చెరువు నీరు మరొకరి తూము

కొల్లేటి చుట్టూ గట్టుకు గట్టు ఆనుకుని చెరువులున్నాయి. ఒక చెరువు నుంచి వదిలిన నీరు డ్రైనులో పడుతుంది. అదే డ్రైను నుంచి కింది రైతు నీరు తోడుకుంటాడు. ఆ నీటితో పురుగు గుడ్లూ వస్తాయి, పోసిన మందూ వస్తుంది. కింద వెనామీ రొయ్య వేసిన రైతు ఉంటే, పైన చేప పేనుకు పోసిన మందు అతని కొంప ముంచవచ్చు. 2022లో జిల్లాల విభజన జరిగి సరిహద్దు గీతలు మారాయి గాని నీటి దారి మారలేదు. బుడమేరు, తమ్మిలేరు కొల్లేటిలోనే కలుస్తున్నాయి, ఉప్పుటేరు గుండానే నీరు సముద్రానికి పోతున్నది. ఒక్కొక్కరు విడివిడిగా చేసే వైద్యం వల్ల ఈ బాధ తీరేది కాదు.

వలల సంగతి కూడా ఇటువంటిదే. పట్టుబడి ముఠాలు ఒక ఊరి చెరువులో వల లాగి, తడి ఆరకముందే మరో ఊరికి వెళతాయి. తడి వలలో పేను, గుడ్లు, బురద కలిసి ప్రయాణం చేస్తాయి. వలను ఒక రోజు ఎండలో ఆరవేస్తే తప్పే ముప్పును, తొందరపాటు వల్ల కొని తెచ్చుకుంటున్నారు. ఈ విషయంలో రైతుల మధ్య కట్టుబాటు ఉండటం అవసరం.

పిల్ల దగ్గరే మొదలు

ఈ ప్రాంతంలో చేప పిల్లను నేరుగా పెద్ద చెరువులో వేయరు. చిన్న చెరువులలో ఒత్తుగా పోసి, తక్కువ మేతతో ఏడాది పాటు ఎదగనీయకుండా ఉంచుతారు. ఆ తరువాత పెద్ద చెరువులో వేస్తే అవి త్వరగా బరువు పెరుగుతాయి. కొల్లేటి రైతు తెలివితో కనిపెట్టిన పద్ధతి ఇది. దీని లాభం అందరికీ తెలిసినదే. అయితే వేలాది పిల్లలు ఇరుకులో, అరకొర మేతతో ఏడాది గడపటం మొప్ప పురుగుకు పండుగ వంటిది. చేపకు చేప దగ్గరగా ఉంటే గుడ్డు నుంచి వచ్చిన పురుగు పిల్లకు వెతుకులాట ఉండదు. పిల్లతో పాటు పురుగును కూడా రైతు డబ్బు పెట్టి కొని పెద్ద చెరువులో వేసుకుంటున్నాడు.

ఆపటానికి సులువైన చోటు కూడా ఇదే. పెద్ద చెరువులో 12 కోట్ల లీటర్లకు మందు పోయటం కష్టం గాని, పిల్లను వదిలే ముందు తొట్టెలో ముంచి తీయటం కష్టం కాదు. పది లీటర్ల నీటికి 200 నుంచి 300 గ్రాముల ఉప్పు కలిపి, పిల్లను తట్టుకోగలిగినంతసేపు, అంటే కొద్ది నిమిషాలు మాత్రం ముంచితే మొప్పకు, ఒంటికి పట్టిన జీవులు చాలావరకు వదులుతాయి. పిల్ల పక్కకు వాలుతున్నదంటే వెంటనే మంచి నీటిలోకి మార్చాలి. ఉప్పు ఖర్చుకూ, సీసాల ఖర్చుకూ పోలికే లేదు.

తినేవారికి భయం లేదు

ఈ వార్తలు విని చేప తినటానికి జంకవలసిన పని లేదు. మొప్ప పురుగు గాని, పేను గాని మనిషికి అంటేవి కావు. పైగా మొప్పలను కోసి పారవేయటం ప్రతి ఇంటా ఉన్న అలవాటే. భయపడవలసిన విషయం వేరే ఉన్నది. చేపకు పోసిన మందు గడువు తీరకుండా చేపను మార్కెట్‌కు పంపటం మంచిది కాదు. బయటి రాష్ట్రాల వారి నమ్మకం ఎంత సున్నితమైనదో ఈ ప్రాంతానికి అనుభవమే. చేప నిల్వకు ఫార్మాలిన్ వాడుతున్నారన్న ఆరోపణతో 2018 జూలైలో అస్సాం, 2019 జనవరిలో బీహారు రాజధాని పాట్నా మన చేపపై తాత్కాలికంగా నిషేధం పెట్టిన సంగతి విదితమే. అది నిల్వకు సంబంధించిన గొడవ, చెరువులో వైద్యానికి సంబంధించినది కాదు. అయినా కొనేవాడికి ఆ తేడా తెలియదు. ఫార్మాలిన్ అన్న మాట వినిపిస్తే చాలు, ఐసులో సర్దిన లారీలు దారిలోనే ఆగిపోతాయి.

చేయవలసిన పని

ఏర్పాట్లు అసలే లేవనటానికి వీలు లేదు. ఉండిలో మత్స్య పరిశోధన కేంద్రం ఉన్నది. భువనేశ్వర్ సమీపాన కౌశల్యగంగలోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధనా సంస్థ పేను మీద ఎంతోకాలంగా పరిశోధన చేస్తున్నది. జలచరాల రోగాలపై దేశవ్యాప్త నిఘా పథకం 2013లో మొదలయింది. రైతు తన సెల్‌ఫోన్ ద్వారా చేప జబ్బును అధికారులకు తెలియజేయటానికి కేంద్ర ప్రభుత్వం 2023లో ఒక యాప్‌ను కూడా విడుదల చేసింది. రాష్ట్రంలో గ్రామ సచివాలయాలు ఏర్పడిన 2019 నుంచి గ్రామ మత్స్య సహాయకుల ఉద్యోగాలు వచ్చాయి. పిల్ల నాణ్యతపై 2006లో, మేత నాణ్యతపై 2020లో రాష్ట్ర చట్టాలు వచ్చాయి.

ఈ ఏర్పాట్లకూ గట్టు మీద రైతుకూ మధ్య మిగిలిన దూరం ఒక్క మైక్రోస్కోపు దూరమే. చేప జబ్బుపడిన రోజున దగ్గరగా ఉండేది పరిశోధనా కేంద్రం కాదు, మందుల దుకాణం. ప్రాణంతో ఉన్న చేప మొప్పను కొంచెం కత్తిరించి, గాజు పలక మీద పెట్టి చూడటానికి గొప్ప ప్రయోగశాల అక్కరలేదు. సాధారణ మైక్రోస్కోపు, కొంత శిక్షణ చాలు. కాని చేప బతికి ఉండగానే చూడాలి. చచ్చిన చేపను పురుగు వదిలి పోతుంది, ఐసులో పెట్టి పట్నం పంపితే ఏమీ కనిపించదు. అందుకే ఈ పరీక్ష ఊళ్ళోనే జరగాలి. చెరువులు ఎక్కువగా ఉన్న ప్రతి పెద్ద గ్రామంలోనూ మత్స్య సహాయకుని చేతికి ఒక మైక్రోస్కోపు ఇచ్చి, చలికాలానికి ముందే మొప్పలు పరీక్షించే ఏర్పాటు చేస్తే చాలావరకు వృథా మందు ఆగుతుంది. మందు సీసాల పైన కూడా పిల్లకు, మేతకు ఉన్నంత నిఘా ఉండాలి.

రైతులు తమంతట తాము చేసుకోగలిగినవి కూడా ఉన్నాయి. సీసా మీద మందు అసలు పేరు, పాలు రాసి లేకపోతే కొనరాదు. కొన్నదానికి బిల్లు తీసుకోవాలి. చెరువులో నాలుగైదు చోట్ల గెడతో లోతు కొలిచాకనే మోతాదు లెక్క వేయాలి. పేను ఉన్న చెరువులో చెక్క పలకలు, వెదురు తడికలు నీటిలో ఉంచి, వారానికి ఒకసారి బయటకు తీసి ఎండబెడితే వాటి మీది గుడ్లు పొదగకుండానే ఎండిపోతాయి. దీనికి విషం అక్కరలేదు. నీరు వదిలే ముందు, మందు పోసే ముందు కింది రైతుకు కబురు చేయటం పొరుగు ధర్మం మాత్రమే కాదు, తన చెరువుకూ రక్షణ.

కొల్లేటి రైతు నేల నైజం తెలిసి, తవుడు సంచి నుంచి ఏడాది పిల్ల దాకా తన పద్ధతులు తానే దిద్దుకున్నవాడు. సంచిలో మిగిలిన తవుడును చూసి చేప ఆకలి చెప్పగలవాడు. మొప్ప మూత ఎత్తి చూసే అలవాటు కూడా చేసుకుంటే అతని కష్టార్జితంలో కొంత భాగమైనా సీసాల పాలు కాకుండా మిగులుతుంది. ఈ చలికాలం ముంచుకు రాకముందే మత్స్యశాఖ అధికారులు గ్రామాలలో మొప్ప పరీక్షలు ప్రారంభించటం ఎంతైనా అవసరం.